కొండ ఎక్కడ ఆగుతుంది, ఆకారం ఎక్కడ మొదలవుతుంది: నలుపు తెలుపు ల్యాండ్‌స్కేప్ గురించి

కాలిఫోర్నియా తీరంలో ఓషియానో అనే చోట ఇసుక దిబ్బలున్నాయి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1936లో అక్కడ 8 బై 10 అంగుళాల నెగెటివ్ పట్టే పెద్ద కెమెరా మోసుకెళ్ళి తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో వెతికితే సులువుగానే దొరుకుతాయి. వీలైతే ఇది చదివే ముందు ఒకటి చూసి రండి. మనుషులు కనపడరు, చెట్లుండవు, కొన్నిటిలో ఆకాశం కూడా లేదు. ముందు కంటికి తగిలేది ఒక నల్లటి వంపు, దాన్ని ఆనుకుని కత్తి అంచులా సాగే తెల్లటి గీత, ఆ గీత మెలి తిరిగి ఇంకో చీకట్లోకి జారిపోవడం. ఇది ఇసుక అన్న సంగతి ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా తడుతుంది.

అదే దిబ్బను మిట్టమధ్యాహ్నం ఫోన్‌తో కలర్‌లో తీస్తే వరుస తిరగబడుతుంది. ఇసుక అని ముందే తెలిసిపోతుంది, బీచ్ గుర్తొస్తుంది, చూడాల్సింది చూసేశామనుకుని కన్ను ముందుకు వెళ్ళిపోతుంది. వంపులూ నీడలూ ఆ ఫొటోలో కూడా ఉన్నాయి, కానీ వాటి దాకా ఎవరూ వెళ్ళరు. వెస్టన్ ఫొటోలో వస్తువు పేరు ఆలస్యంగా వస్తుంది, ఆకారం ముందొస్తుంది. నలుపు తెలుపు ల్యాండ్‌స్కేప్ గురించీ, ప్రకృతిలో నైరూప్యం (అబ్‌స్ట్రాక్షన్, అంటే వస్తువు కన్నా దాని ఆకారమే ముఖ్యం కావడం) గురించీ మాట్లాడేవన్నీ చివరికి ఈ ఆలస్యం దగ్గరికే వస్తాయని నా నమ్మకం. ఆ ఆలస్యం ఎలా పుడుతుంది, ఎవరు పుట్టిస్తారు, దాని వల్ల మనకేం దక్కుతుంది అన్నదే ఇక్కడ విప్పి చూద్దాం.

మొదట రంగు సంగతి. బ్లాక్ అండ్ వైట్ అంటే రంగు తీసేసిన ఫొటో అని చాలామంది అనుకుంటారు, ఫోన్‌లో మోనో అన్న బటన్ నొక్కితే అయిపోయిందనుకుంటారు. నిజానికి తీసేయడం అనేది అంత సూటిగా జరిగే పని కాదు. ప్రతి రంగునూ ఏదో ఒక బూడిద ఛాయగా మార్చాలి, ఏ రంగు ఏ ఛాయ అవుతుందన్నది ఎవరో ఒకరు నిర్ణయించాలి. మీరు నిర్ణయించకపోతే సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. టీవీల కాలం నుంచి వస్తున్న ఒక మామూలు లెక్కలో ఆకుపచ్చకు దాదాపు 59 శాతం, ఎరుపుకు 30, నీలానికి 11 శాతం బరువు వేసి కలుపుతారు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువ వెలుగుగా అనిపిస్తుంది కాబట్టి ఆ లెక్క అలా పెట్టారు. సగటు ఫొటోకి అది బాగానే పనిచేస్తుంది. కానీ సగటు ఫొటో కోసం పెట్టిన లెక్క మీ ముందున్న కొండకి ఎందుకు సరిపోవాలి?

కోనసీమను తీసుకోండి. కలర్‌లో కళ్ళు చెదిరే పచ్చదనం. వరి పచ్చ, కొబ్బరి పచ్చ, అరటి పచ్చ, గట్టు మీద గడ్డి పచ్చ, దేనికదే వేరు. ఆ ఫొటోని బ్లాక్ అండ్ వైట్‌కి మారిస్తే ఈ పచ్చలన్నీ దాదాపు ఒకే మధ్యస్థపు బూడిద రంగులోకి కుదించుకుపోతాయి, కొబ్బరాకు ఎక్కడ ఆగి వరి ఎక్కడ మొదలైందో కూడా తెలియదు. అందాన్ని మోసింది రంగే అన్నమాట, అది పోగానే ఫొటో కూలబడింది. మరి అక్కడ నలుపు తెలుపు ఫొటోలు తీయలేమా అంటే, బ్రహ్మాండంగా తీయొచ్చు, కాకపోతే పచ్చదనాన్ని మర్చిపోయి వెలుగును వెతకాలి. నాట్ల ముందు దమ్ము చేసి నీళ్ళు పెట్టిన మడి ఆకాశాన్ని అద్దంలా పట్టుకుంటుంది, దాని మీద గట్లు నల్లటి గీతలవుతాయి. సూర్యుడికి ఎదురుగా నిలబడితే కొబ్బరాకు అంచులు మెరుస్తాయి, మట్టలు నల్లగా నిలుస్తాయి. ఇవన్నీ రంగుతో సంబంధం లేని తేడాలు. నలుపు తెలుపులో బతికేవి ఇవే.

చరిత్రలో ఈ రంగు మార్పిడి ఫొటోగ్రాఫర్ చేతిలో ఉండేదే కాదు. 19వ శతాబ్దపు గాజు ప్లేట్లు నీలి కాంతికి విపరీతంగా స్పందించేవి, ఎరుపుకి దాదాపు గుడ్డివి. కార్లటన్ వాట్కిన్స్ 1861లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో పెద్ద పెద్ద ప్లేట్ల మీద తీసిన ఫొటోలు చూడండి, రాళ్ళు అద్భుతంగా ఉంటాయి, ఆకాశం మాత్రం ఖాళీ కాగితం. నీలాకాశమూ తెల్ల మబ్బూ రెండూ ఆ ప్లేటుకి ఒకే వెలుగు. మన దగ్గర ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్ దయాళ్ కాలపు ఫొటోలు చాలావాటిలోనూ భవనాల వెనక ఆ తెల్లటి శూన్యమే కనిపిస్తుంది. అది ఆ రోజు వాతావరణం అనుకుంటే పొరపాటు, అది రసాయనం. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే 1850లలో ఈ చిక్కు తప్పించుకోవడానికి కొన్ని సముద్రపు ఫొటోల్లో సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకో నెగెటివ్ వాడి రెంటినీ కలిపి ప్రింట్ చేశాడు.

1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్ ప్లేట్లకు అద్దకపు రంగులు కలిపితే అవి మిగతా రంగుల్ని కూడా పట్టుకుంటాయని కనిపెట్టాడు. అన్ని రంగులకూ స్పందించే ప్లేట్లు ఇంగ్లండ్‌లో 1906కి గానీ మార్కెట్లోకి రాలేదు. వీటినే పాంక్రొమాటిక్ అంటారు. సాంకేతిక వివరమే అయినా ఇది పెద్ద మలుపు. ప్లేటు అన్ని రంగుల్నీ చూడగలిగినప్పుడే లెన్స్ ముందు రంగు గాజు, అంటే ఫిల్టర్, పెట్టి, ఏ రంగు ఎంత లోపలికి రావాలో మనం ఎంచుకోగలం. బూడిద ఛాయల మీద పెత్తనం అప్పుడు మనిషి చేతికొచ్చింది.

ఆ పెత్తనంతో ఏం చేయొచ్చో లోకానికి గట్టిగా చూపించినవాడు అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్. 1927 ఏప్రిల్ 10న, 25 ఏళ్ళ వయసులో, యోసెమిటీలోని హ్యాఫ్ డోమ్ అనే రాతి శిఖరం ఎదుటికి మంచులో ఎక్కి వెళ్ళాడు. చేతిలో మిగిలినవి రెండే గాజు ప్లేట్లు. మొదటిది పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తీశాక ఆయనకి తట్టిందేమిటంటే, ఆ ఫొటోలో ఆకాశం లేత బూడిదగా, రాయి మామూలు రాయిగా వస్తుందని, తన కళ్ళ ముందున్న ఆ భయంకరమైన బరువు అందులోకి రాదని. రెండో ప్లేటుకి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఎర్ర గాజు నీలాన్ని ఆపేస్తుంది కాబట్టి ఆకాశం దాదాపు నల్లగా మారింది, నీలాకాశపు వెలుగు తప్ప వేరే వెలుగు లేని నీడలు కూడా ముదిరాయి, మంచు మాత్రం తెల్లగా మెరిసింది. ఆ రోజు అక్కడ నిలబడ్డ ఎవరి కంటికీ ఆకాశం నల్లగా కనపడి ఉండదు. అయినా ఆ ఫొటో అబద్ధం అనిపించదు. కెమెరా నొక్కకముందే తుది ప్రింటును మనసులో చూసుకోవడం అన్న పద్ధతికి తాను అక్కడే చేరానని ఆడమ్స్ తర్వాత జీవితమంతా చెప్పుకున్నాడు.

మన గండికోటకి ఇది నేరుగా పనికొస్తుంది. పెన్నా కోసిన ఆ లోయలో రాయి ఎర్రగా ఉంటుంది, పైన నీలాకాశం, కింద నీళ్ళు. ఎరుపు ఫిల్టర్ పెడితే, లేదా సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు పెంచి నీలం తగ్గిస్తే, రాయి లోపలి నుంచి వెలుగుతున్నట్టు తెల్లబడుతుంది, ఆకాశం చీకటవుతుంది. నీలం వైపు జరిపితే సరిగ్గా తలకిందులు, రాయి బొగ్గులా నల్లబడి ఆకాశం కాగితంలా తెల్లబడుతుంది. ఒకే చోటు, ఒకే నిమిషం, రెండు వేర్వేరు లోకాలు. ఏది నిజమైన గండికోట అని అడగడంలో అర్థం లేదు, మీరు ఏ గండికోటను చెప్పదలచుకున్నారు అన్నదే అక్కడి ప్రశ్న.

అయితే ఎరుపు ఫిల్టర్ అన్నిచోట్లా గొప్పదేమీ కాదు, ఇది కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి గట్టిగా చెప్పాలి. దూరపు కొండలు నీలంగా కనిపించేది గాలి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొట్టడం వల్ల. ఎరుపు ఫిల్టర్ ఆ పొరను కోసేస్తుంది, దూరపు కొండ కూడా దగ్గర కొండంత స్పష్టంగా వచ్చేస్తుంది. పాపికొండల్లోనో అరకులోనో ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోయే కొండల వరుస కోసం వెళ్ళి ఎరుపు ఫిల్టర్ పెడితే, మీరు వెతుక్కుంటూ వెళ్ళిన దాన్ని మీరే చెరిపేసినట్టు. అక్కడ ఫిల్టర్ లేకుండా, అవసరమైతే నీలం వైపుకి జరగాలి. లంబసింగిలో పొద్దున దిగే పొగమంచు ఇంకో కథ. అందులో ఉండేవి నీటి బిందువులు, అవి అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి, కాబట్టి ఏ ఫిల్టరూ ఆ మంచుని చీల్చలేదు. మంచు తనంతట తాను పలచబడే దాకా ఆగాల్సిందే.

ఇక వెలుగు కొలత. ముందున్నది ఏదైనా సరే, దాన్ని సగటున మధ్యస్థపు బూడిదగా తేవాలని కెమెరాలోని మీటర్ చూస్తుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు మడుల దగ్గర తెల్లటి ఉప్పు కుప్పను తీస్తే అది మురికి బూడిదగా వస్తుంది, తడిసిన నల్లరాయిని తీస్తే అదీ అదే బూడిదగా వస్తుంది. ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతాల్లో తయారుచేసిన జోన్ సిస్టమ్ దీనికి మందు. పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 10, మీటర్ చెప్పే మధ్యస్థపు బూడిద 5. ఒక్కో మెట్టుకి వెలుగు రెట్టింపు. ఉప్పు కుప్ప 7లో ఉండాలని మీరు నిర్ణయించుకుంటే మీటర్ చెప్పిన దానికన్నా రెండు స్టాపులు (ఈ మెట్లనే స్టాపులంటారు) ఎక్కువ వెలుగు ఇవ్వాలి. దీని చుట్టూ పెద్ద శాస్త్రం అల్లారు, జనం భయపడ్డారు కూడా, కానీ లోపలున్నది ఇంతే. మీటర్‌కి నిర్ణయం వదిలేయకుండా ఫలానా రాయి ఫలానా ఛాయలో ఉండాలని మీరు చెప్పడం.

ఆ నిర్ణయం షటర్ నొక్కడంతో ముగియదు కూడా. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర ఆడమ్స్ చంద్రోదయం ఫొటో తీశాడు. చంద్రుడి స్థానాన్ని బట్టి అది నవంబర్ 1 సాయంత్రం అని ఖగోళ లెక్కలు వేసినవాళ్ళు తేల్చారు. పొద్దు వాలుతోంది, స్మశానంలోని శిలువల మీద చివరి ఎండ, లైట్ మీటర్ కనపడలేదు, చంద్రుడి కాంతి ఎంతో ఆయనకి గుర్తుంది కాబట్టి దాన్నిబట్టి లెక్కగట్టి ఒకటే ఒక్క ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. రెండోది తీసేలోపు ఎండ పోయింది. ఆ ఒక్క నెగెటివ్ నుంచి తర్వాత దశాబ్దాల పాటు వెయ్యికి పైగా ప్రింట్లు చేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో పలచటి మబ్బు తీగలు తెలుస్తుంటాయి, ఆకాశం బూడిదగా ఉంటుంది. 1970ల ప్రింట్లకి వచ్చేసరికి ఆకాశం మొత్తం నల్లబడి, చంద్రుడూ, ఒక మబ్బుల పట్టీ, కింద తెల్లటి శిలువలూ మిగిలాయి. నెగెటివ్ మారలేదా అంటే, 1948లో కింది భాగాన్ని రసాయనంతో కాస్త గట్టిపరిచాడు, అంతే. మారింది ఎక్కువగా ఆయనే. వయసుతో పాటు ఆయన ఆ ఫొటోలోంచి అనవసరమైన వివరాన్ని తగ్గిస్తూ పోయాడు. ఊరు ఫొటోగా మొదలైనది నలుపూ వెలుగూ ఫొటోగా మారుతూ వచ్చింది. ఆడమ్స్‌ని నైరూప్య కళాకారుడని ఎవరూ అనరు, అయినా ఆయన చేసింది ఆ దారిలో నడకే.

ఇప్పుడు నైరూప్యం. ఈ మాట వినగానే ఏమిటో అర్థం కానిది అనుకోవడం మనలో బాగా పాతుకుపోయింది. ఏదో నీళ్ళలో ప్రతిబింబాన్ని తిప్పి పెట్టి, ఇదేమిటో కనుక్కోండి అని పొడుపు కథ వేసే ఫొటోలు కూడా ఆ పేరుతోనే చెలామణి అవుతున్నాయి. పొడుపు విప్పగానే అయిపోయే ఫొటోలో నాకు పెద్దగా విషయం కనపడదు. దిబ్బ అని తెలిశాక కూడా వెస్టన్ ఫొటోని అరగంట చూడొచ్చు, తేడా అక్కడుంది.

ఈ విషయాన్ని మూలం దాకా తీసుకెళ్ళినవాడు ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. అప్పటికి ఆయన న్యూయార్క్‌లో పేరున్న మనిషి, గొప్ప గొప్ప వ్యక్తుల ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల శక్తి ఆయన తన ఎదుట కూర్చున్నవాళ్ళ మీద వేసే ఒక రకమైన వశీకరణం వల్ల వస్తుందని ఒక రచయిత రాశాడు. స్టీగ్లిట్జ్‌కి అది గుచ్చుకుంది. 1922లో లేక్ జార్జ్ దగ్గర మబ్బుల్ని తీయడం మొదలుపెట్టాడు. మబ్బులు అందరివీ, వాటికి పన్ను లేదు, వాటిని ఎవరూ వశపరచుకోలేరు, అందులోంచి కూడా మంచి ఫొటో వస్తే అది విషయం గొప్పతనం వల్ల వచ్చింది కాదని తేలిపోతుంది, ఇదీ ఆయన వాదన. తొలి వరుసకి సంగీతం అని పేరు పెట్టాడు, వాటిని చూసి సంగీతకారుడు ఎర్నెస్ట్ బ్లాక్ ఇది సంగీతం అనాలన్నది కోరిక. తర్వాత 1925 నుంచి పదేళ్ళ పాటు తీసిన చిన్న చిన్న ప్రింట్లకి ఈక్వివలెంట్స్ అన్న ఒకటే పేరు. అవి రెండు వందలకు పైనే. చాలావాటిలో నేల లేదు, క్షితిజం లేదు, ఏది పైనో ఏది కిందో చెప్పలేం.

మన సంగీతం విన్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించకూడదు. కీర్తనకి ముందు గాయకుడు ఇరవై నిమిషాలు తోడి ఆలాపన చేస్తాడు, సాహిత్యం ఒక్క ముక్క ఉండదు, అయినా హాల్లో ఎవరూ లేచి దీని అర్థమేమిటని అడగరు. స్వరాలు ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్ళే తీరే అక్కడి విషయమని అందరికీ తెలుసు. స్టీగ్లిట్జ్ ఫొటో విషయంలో అడిగింది అదే హక్కు.

ఈ కథలో మనకి దగ్గరి మనిషి కూడా ఒకరున్నారు. బోస్టన్ మ్యూజియంలో భారతీయ కళల విభాగం చూసిన ఆనంద కుమారస్వామి. స్టీగ్లిట్జ్ తన ఫొటోలు 27 ఆ మ్యూజియంకి ఇచ్చింది ఆయన ప్రోద్బలంతోనే, 1924లో. అమెరికాలో ఒక పెద్ద మ్యూజియం ఫొటోగ్రాఫ్‌ని కళగా లోపలికి రానిచ్చిన తొలి సందర్భాల్లో అదొకటి. మన శిల్పాల గురించి, నటరాజు గురించి జీవితమంతా రాసిన మనిషి ఒక యంత్రం తీసిన బొమ్మలో కళని గుర్తుపట్టడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

అయితే సంగీతంతోనూ చిత్రలేఖనంతోనూ ఫొటోకి ఒక పెద్ద తేడా ఉంది, దాన్ని దాటేస్తే వాదన చెడుతుంది. చిత్రకారుడు ఒక నల్లటి వంపు గీస్తే అది అతని చేతిలోంచి పుట్టింది, బయట దేనికీ చెందనక్కర్లేదు. ఫొటోలోని నల్లటి వంపు మాత్రం ఎక్కడో ఒక చోట, ఒక సాయంత్రం, నిజంగా ఉంది. లెన్స్ ముందు ఏమీ లేకుండా లెన్స్‌తో ఫొటో రాదు. కాబట్టి ఫొటోలో నైరూప్యం ఎప్పటికీ సంపూర్ణం కాదు. చూసేవాడి మనసులో రెండు ఎరుకలు ఒకేసారి ఉంటాయి, ఇదొక ఆకారం అన్నది ఒకటి, ఇది ఒక నిజమైన రాయి అన్నది ఇంకొకటి, కన్ను వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. చాలామంది దీన్ని ఫొటోగ్రఫీ లోపంగా చెబుతారు. నాకు అదే దాని బలం. చిత్రకళకి ఆ లాగులాట దొరకదు.

ఆ లాగులాటను పుట్టించే పనిముట్లలో అన్నిటికన్నా బలమైనది కొలతను దాచడం. జియాలజీ వాళ్ళు ఫీల్డులో రాతి ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక సుత్తి పెడతారు, లేకపోతే పెన్నో నాణెమో. ఎందుకంటే అది లేకపోతే ఆ పగులు రెండంగుళాలదా, రెండు వందల అడుగులదా అని ఫొటో చూసి చెప్పలేం. ప్రకృతిలో చాలా ఆకారాలు ఏ సైజులో చూసినా ఒకేలా ఉంటాయి. చిన్న కాలువ పాయలు పెద్ద నది పాయల్లా చీలతాయి, రాతి ముక్క అంచు కొండ అంచులా విరుగుతుంది. బెన్వా మాండెల్‌బ్రో 1967లో బ్రిటన్ తీరరేఖ పొడవెంత అన్న ప్రశ్నతో మొదలుపెట్టి దీన్ని గణితంగా మలిచాడు. శాస్త్రవేత్త సుత్తి పెడితే ఫొటోగ్రాఫర్ ఆ సుత్తిని తీసేస్తాడు. మనిషి, చెట్టు, ఇల్లు, క్షితిజం, ఇవన్నీ ఫ్రేములో సుత్తి లాంటివే.

భీమునిపట్నం దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు దీనికి మన దగ్గరున్న గొప్ప ఉదాహరణ. వాన నీరు కోసిన గాళ్ళు, వాటి మధ్య పదునైన గట్లు. ఆ ఎరుపే వాటి పేరు, ఆ ఎరుపు కోసమే జనం వెళ్ళి సెల్ఫీలు దిగుతారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ఎరుపుని పక్కన పెట్టి, పైనున్న జీడిమామిడి చెట్లు రాకుండా, ఆకాశం రాకుండా, సాయంత్రం పక్క వెలుతురులో ఒక మూరెడు మట్టిగోడని తీస్తే విమానం నుంచి చూసిన పర్వతశ్రేణిలా ఉంటుంది. ఇంకో సరదా ప్రయత్నం చేయండి, ఆ ఫొటోని తలకిందులుగా తిప్పండి. చాలాసార్లు గాళ్ళు గట్లవుతాయి, గట్లు గాళ్ళవుతాయి. వెలుగు పైనుంచే పడుతుందని మన మెదడు ముందే అనుకుని ఉంటుంది, ఆ నమ్మకంతోనే గుంతా దిబ్బా అన్నది తేలుస్తుంది. ఆకాశం ఉన్న ఫొటోలో ఈ గారడీ సాధారణంగా జరగదు, వెలుగు ఎటు నుంచో తెలిసిపోతుంది కాబట్టి.

హైదరాబాద్ రాళ్ళు ఇంకో తరహా. దాదాపు 250 కోట్ల ఏళ్ళ గ్రానైట్, పొరలు పొరలుగా ఉల్లిపాయ పొట్టులా ఊడి గుండ్రబడినవి. ఖాజాగూడ దగ్గర పొద్దున్నే వెళ్తే రాయి చుట్టూ వెలుగు నెమ్మదిగా తిరిగి నీడలోకి దిగడం కనిపిస్తుంది, తెలుపు నుంచి నలుపుకి మధ్యలో ఉన్న అన్ని బూడిదలూ ఒక్క బండ మీద దొరుకుతాయి. ఎండ మండే వేళకి వెళ్తే ఆ మధ్య ఛాయలు పోతాయి, తెల్ల మచ్చా నల్ల మచ్చా మిగులుతాయి. కొందరికి అదే కావాలి.

మారియో జాకొమెల్లికి అదే కావాల్సి వచ్చింది. ఇటలీలో సెనిగాలియా అనే చిన్న ఊళ్ళో ప్రింటింగ్ ప్రెస్ నడుపుకుంటూ ఫొటోలు తీసిన మనిషి, 1925లో పుట్టి 2000లో పోయాడు. ఆడమ్స్ ఛాయలన్నీ కాపాడుకుంటే ఈయన మధ్య ఛాయల్ని నిర్దాక్షిణ్యంగా చంపేశాడు, మిగిలింది గాటు గాటుగా నలుపూ తెలుపూ. మార్కే ప్రాంతపు పొలాల్ని ఎత్తు నుంచి, కొన్నిసార్లు విమానం నుంచి తీశాడు. దున్నిన చాళ్ళు ముసలి చేతి మీది ముడతల్లా, గోడ మీది గీతల్లా కనిపిస్తాయి. అంతటితో ఆగలేదు, ట్రాక్టర్ ఉన్న రైతులని అడిగి తనకి కావాల్సిన గీతలు పొలంలో దున్నించుకున్నాడు. ఇది ప్రకృతి ఫొటోనేనా అని కొందరికి అభ్యంతరం. పొలం అనేదే మనిషి నేల మీద గీసిన గీత కదా, ఆ గీతకి ఇంకో గీత కలిపితే అబద్ధమెలా అవుతుంది? ఆయన ఫొటోల్లో నేల వాడిపోవడం, అలిసిపోవడం కనిపిస్తుంది, ఆ బాధ నకిలీది కాదు.

ఇంకో దారి కాలాన్ని సాగదీయడం. లెన్స్ ముందు పది స్టాపుల ముదురు గాజు పెడితే సెకనులో అరవయ్యో వంతు ఎక్స్‌పోజర్ 17 సెకన్లవుతుంది, అలలు పొగ అవుతాయి, మబ్బులు గీతలవుతాయి. మైకేల్ కెన్నా జపాన్‌లోని హొక్కైదో దీవిలో మంచు మధ్య ఒంటరి చెట్లనీ కంచెలనీ ఇలా నెమ్మదిగా తీసి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత అదొక ఫార్ములా అయిపోయింది, ఏ చెరువుకెళ్ళినా పాల లాంటి నీళ్ళూ ఒక కర్రా. హిరోషి సుగిమోటో 1980 నుంచి తీస్తున్న సముద్రాల వరుస ఆ ఫార్ములాకి లొంగలేదు. ప్రతి ఫొటోలో సగం నీరు, సగం ఆకాశం, మధ్యలో గీత, ఇంకేమీ లేదు. ఆదిమానవుడు చూసిన దృశ్యాన్ని ఈనాటి మనిషి అలాగే చూడగలడా అన్నది ఆయన తనకి తాను వేసుకున్న ప్రశ్న. కొండలు కరుగుతాయి, ఊళ్ళు మారతాయి, సముద్రం ఒక్కటే ఆ ప్రశ్నకి తట్టుకుంటుందని ఆయన ఎంపిక.

మీరు ఇవాళే మొదలుపెట్టాలనుకుంటే పాత కెమెరా కొననక్కర్లేదు. కెమెరాలో రా ఫైల్ (సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైల్) ఆన్ చేసి స్క్రీన్‌ని మోనోక్రోమ్‌లో పెట్టండి, చూసేది బూడిదలో చూస్తారు, రంగు సమాచారం మాత్రం ఫైల్‌లో భద్రంగా ఉంటుంది. తర్వాత ఎడిటింగ్‌లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం స్లైడర్లు ఒక్కోటి కదిపి చూడండి, ఫిల్టర్ పనంతా అక్కడే. నీలం మరీ కిందికి లాగితే ఆకాశంలో ఇసుక చల్లినట్టు నాయిస్ లేస్తుంది, కొండ అంచున తెల్లటి గీత తేలుతుంది. జేపెగ్‌లో ఇది మరీ ఘోరం, ఎందుకంటే అందులో రంగు సమాచారం మామూలుగా వెలుగు సమాచారం కన్నా తక్కువ వివరంతో దాస్తారు. క్లారిటీ స్లైడర్ చివరిదాకా లాగి రాయిని ఇనుముగా మార్చడం కూడా మానేయండి, వెలుగు పడని చోట అది వెలుగుని పుట్టించలేదు. బాగా రాని కలర్ ఫొటోని కాపాడటానికి బ్లాక్ అండ్ వైట్ చేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, దాని వల్లే ఈ మాధ్యమం అంటే పాత జ్ఞాపకాల రంగు అన్న అభిప్రాయం స్థిరపడింది.

ఒక చిక్కు మిగిలింది, పేరు పెట్టడం. వస్తువు పేరు ఆలస్యంగా రావడమే దీని బలం అన్నాం కదా, మరి ఫొటో కింద ఎర్రమట్టి దిబ్బలు అని రాసేస్తే పని చెడదా? స్టీగ్లిట్జ్ అన్నిటికీ ఒకటే పేరు పెట్టి తప్పించుకున్నాడు. వెస్టన్ దిబ్బలు, ఓషియానో, 1936 అని పొడిగా రాశాడు. సుగిమోటో కూడా ఏ సముద్రమో, ఎక్కడ నుంచో, ఏ సంవత్సరమో రాస్తాడు, ఫొటోలు చూస్తే మాత్రం ఏది ఏదో చెప్పలేం. నేను వెస్టన్, సుగిమోటోల పక్షం. భౌగోళిక వారసత్వంగా గుర్తింపు ఉన్న ఎర్రమట్టి దిబ్బల దగ్గర తవ్వకాల గొడవలు వార్తల్లోకి వస్తూనే ఉన్నాయి, హైదరాబాద్‌లో గుట్టలు పేల్చి అపార్ట్‌మెంట్లు కట్టడం మనం రోజూ చూస్తున్నాం. ఆ బండ రేపు ఉండకపోవచ్చు. అప్పుడు ఆ ఫొటో ఆకారమూ అవుతుంది, సాక్ష్యమూ అవుతుంది, సాక్ష్యానికి ఊరూ తేదీ ఉండాలి. అందుకని చోటు పేరు, నెల, సంవత్సరం ప్రింటు వెనక పెన్సిల్‌తో రాయండి, డిజిటల్ అయితే ఫైల్ వివరాల్లో పెట్టండి. గోడ మీద వేలాడేటప్పుడు ముందు వైపు ఖాళీగానే ఉంటుంది కాబట్టి చూసేవాళ్ళకి దక్కాల్సిన ఆ ఒకటి రెండు క్షణాలకి వచ్చిన లోటేమీ లేదు.